బరంపురం ఎండలో హెచ్‌పీ5: నెగెటివ్ మీద ముడతలు, ప్రింటులో తెలుపు రావడం లేదు

ప్రశ్న (బరంపురం నుంచి)
గోపాల్‌పూర్ తీరంలో మిట్టమధ్యాహ్నం తీసిన 35 ఎం.ఎం. హెచ్‌పీ5 ప్లస్ నలుపు-తెలుపు ఫిల్ము రీలు. ఫిల్ము స్పీడు 400, లెన్సు రంధ్రం ఎఫ్16, షట్టరు 1/500 సెకను. డీ-76 డెవలపర్‌ని (బొమ్మను తేల్చే మందు) సమానంగా నీళ్లు కలిపి, ఐసుతో 20 డిగ్రీలకి దించి 11 నిమిషాలు కడిగాను. హైపో (తేలిన బొమ్మను నిలబెట్టే ద్రావణం), కుళాయి నీళ్లు మాత్రం 32 డిగ్రీలు ఉన్నాయి. ఆకాశం ఉన్నచోట సన్నటి ముడతల్లాంటి గరుకు పడింది. వలలు బాగుచేసుకునేవాళ్ల తలగుడ్డ కింద ముఖాలు నెగెటివ్‌లో ఖాళీగా ఉన్నాయి. ఆర్‌సీ పేపర్ (ప్లాస్టిక్ పూత ఉన్న కాగితం) మీద ప్రింటు తీస్తే అంచులతో సహా బూడిదరంగే. ఏసీ లేని గది. ఎక్కణ్ణుంచి సరిచేసుకోవాలి?

జవాబు (పర్లాకిమిడి)
ముడతల సంగతి నేను చెప్తానండి. మీ డెవలపర్‌లో తప్పు లేదు, దాని తర్వాత వచ్చిన 12 డిగ్రీల తేడాలో ఉంది. చల్లటి ద్రావణం నుంచి వేడి నీళ్లలో పడగానే జెలటిన్ ఒక్కసారిగా ఉబ్బి, పైపొర నలుగుతుంది. ఇప్పటి ఫిల్ములు తట్టుకునేవే, కానీ ఇంత తేడా పెట్టకూడదు.

మే నెలలో 20 డిగ్రీల కోసం పాకులాడకండి. మీరు చివరిదాకా నిలబెట్టగలిగే ఉష్ణోగ్రత ఎంచుకోండి, 26 అనుకుందాం. డెవలపర్, మధ్యలో నీళ్లు, హైపో, ఆఖర్న కడిగే నీళ్లు అన్నీ 26, మహా అయితే ఒక డిగ్రీ అటూ ఇటూ. సమానంగా నీళ్లు కలిపిన డీ-76కి 26 దగ్గర ఆరున్నర నిమిషాలతో మొదలుపెట్టండి. నీళ్లు కలపకుండా వాడితే టైము ఐదు నిమిషాల లోపుకి పడిపోతుంది, అప్పుడు ఆకాశం చారలు చారలుగా వస్తుంది. ఒక రీలుకి 150 మి.లీ. స్టాకు (నీళ్లు కలపని డెవలపర్), 150 మి.లీ. నీళ్లు. వాడినది పారబోయాలి. మొదటి పది సెకన్లలో నాలుగుసార్లు ట్యాంకు తిరగెయ్యండి, ఆ తర్వాత ప్రతి నిమిషం మొదట్లో అలాగే.

సీసాలన్నీ ఒకే ప్లాస్టిక్ టబ్బు నీళ్లలో నిలబెట్టి, గడ్డకట్టించిన నీళ్ల బాటిల్ మూత బిగించి అందులో వెయ్యండి. ఐసుముక్క నేరుగా డెవలపర్‌లో పడితే పాళ్లు మారిపోతాయి. ఇంకొకటి: హైపో స్ఫటికాలు కరిగేటప్పుడు నీటిని బాగా చల్లబరుస్తాయి. అప్పటికప్పుడు కలిపితే మీ లెక్క తప్పుతుంది, ముందురోజు రాత్రే కలిపి పెట్టుకోండి.

జవాబు (సిరొంచ)
మాకు ఇక్కడ పొడి ఎండ. బకెట్టుకి తడి గోనెపట్టా చుట్టి గాలి తగిలేచోట పెడితే నీళ్లు హాయిగా 26కి దిగుతాయి. మీ ఉక్కపోతలో ఆ పని జరగదు, గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటుంది కాబట్టి గోనె ఆరదు. మీకు ఐసు బాటిలే గతి.

ఖాళీ ముఖాలకి కారణం ఎక్స్‌పోజరు. ఎఫ్16, 1/500 ఎండ పడిన ఇసుకకి సరిపోతుంది, తలగుడ్డ నీడకి కాదు. నెగెటివ్‌లో నమోదు కానిదాన్ని ఎంతసేపు కడిగినా రాదు. స్పీడు 200కి పెట్టి, కడిగే టైము 15 శాతం తగ్గించండి. 26 దగ్గర ఐదున్నర నిమిషాలు. నీడ నిలుస్తుంది, ఇసుక మాడదు. ముఖమే ముఖ్యమైతే దగ్గరికెళ్లి దాని మీదే మీటరు చూడండి. మీటరు లేకపోతే ఎఫ్8, 1/250 పెట్టండి.

ఆకాశం కోసం ఆరెంజ్ ఫిల్టరు తగిలించాలని అనిపిస్తుంది. ఇలాంటి ఫొటోలకి వద్దు. నీడలోకి వచ్చే వెలుగు నీలాకాశానిదే, ఆ ఫిల్టరు దాన్నే ఆపేస్తుంది. ముఖాలు ఇంకా నల్లబడతాయి.

జవాబు (ఇచ్ఛాపురం)
అంచు బూడిదరంగు అంటే ఎన్‌లార్జర్ (నెగెటివ్‌ని పెద్దదిగా కాగితం మీద పడేసే యంత్రం) తప్పు కాదు, అంచుకి దాని వెలుగు తగలదు కదా. ముందు సేఫ్‌లైట్ (చీకటిగదిలో కాగితానికి హాని చేయని మసక దీపం) కూడా ఆర్పేసి, కొత్త కాగితం ఒకటి నేరుగా డెవలపర్‌లో ఒక నిమిషం ఉంచి, హైపోలో వేసి చూడండి. అప్పుడూ బూడిదగా వస్తే కాగితం వేడికి పాడైనట్టు. రేకుల షెడ్డులోనో అటక మీదో పెట్టిన పెట్టెలకి ఇదే గతి. డెవలపర్ లీటరుకి ఒక శాతం బెంజోట్రయజోల్ ద్రావణం 10 మి.లీ. కలిపితే కొంత తేరుకుంటుంది, ఎక్స్‌పోజరు కాస్త పెంచాలి.

తెల్లగా వస్తే సేఫ్‌లైట్‌ని పరీక్షించాలి. చాలామంది కొత్త కాగితం మీద నాణెం పెట్టి చూసి బాగుందనుకుంటారు, అది చాలదు. చీకట్లోనే ఎన్‌లార్జర్ కింద లేత బూడిదరంగు వచ్చేంత వెలుగిచ్చి, ఆ తర్వాత నాణెం పెట్టి, సేఫ్‌లైట్ ఐదు నిమిషాలు వెలిగించండి. మళ్లీ ఆర్పి చీకట్లో కడగండి. నాణెం గుండ్రంగా కనిపిస్తే బల్బు మార్చాల్సిందే. 15 వాట్లు, ట్రేకి కనీసం నాలుగు అడుగుల దూరం. పందిళ్లకి కట్టే ఎర్రపూత బల్బులు నమ్మొద్దు.

ట్రే వేడెక్కితే బొమ్మ గబుక్కున తేలుతుంది, నల్లబడుతుందన్న భయంతో 20 సెకన్లకే పైకి లాగేస్తారు. అప్పుడే మచ్చలు, మట్టి నలుపు. మల్టీగ్రేడ్ పేపర్ డెవలపర్‌ని 1:9 బదులు 1:14 కలిపి నిండా ఒక నిమిషం ఉంచండి. నల్లగా వస్తే ఎన్‌లార్జర్ టైము తగ్గించండి, ట్రేలో టైము కాదు. టెస్ట్ స్ట్రిప్‌కి (ముందుగా టైము చూసే కాగితం ముక్క) ఎఫ్8, నంబరు 2 కాంట్రాస్ట్ ఫిల్టరు, ఐదేసి సెకన్ల మెట్లు.

మళ్లీ ప్రశ్న (బరంపురం)
చాలా థాంక్స్ అండి. ఛేంజింగ్ బ్యాగ్‌లో (వెలుగు చొరబడని సంచి) చేతులు చెమటపట్టి, ఫిల్ము సగంలో ట్యాంకు రీలు (ఫిల్ము చుట్టే చక్రం) మీద ఇరుక్కుంటోంది. దానికేం చేయాలి?

జవాబు (పర్లాకిమిడి)
బ్యాగ్ లోపలి గాలి తడెక్కి, ఫిల్ము మెత్తబడి ప్లాస్టిక్ రీలుకి అతుక్కుంటుంది. బలవంతంగా తోస్తే నెలవంకలాంటి నల్లటి మరకలు పడతాయి. ఫిల్ము ట్యాంకులో పడేసి మూత బిగించి, చేతులు బయటికి తీసి తుడుచుకుని, పది నిమిషాలాగి మళ్లీ మొదలుపెట్టండి. రీలు పూర్తిగా ఎండి ఉండాలి. లోడింగ్ తెల్లవారుజామునే పెట్టుకోండి, ఫిల్ము మొదటి అంచున రెండు మూలలూ కొద్దిగా గుండ్రంగా కత్తిరించండి.