డూషెన్ పిల్లాడికి వెన్ను ఆపరేషన్: నరాల మానిటరింగ్ దండగ ఖర్చేనా?

కావలి నాన్న:
మావాడికి 14 ఏళ్లు, డూషెన్ కండరాల జబ్బు. నడక ఆగి మూడేళ్లయింది. వీల్‌చైర్‌లో ఒక పక్కకి ఒరిగిపోతున్నాడు, వెన్ను వంపు 58 డిగ్రీలు. చెన్నైలో స్క్రూలు, రాడ్లు వేస్తామన్నారు. ఎస్టిమేట్‌లో నరాల మానిటరింగ్‌కి, అంటే ఆపరేషన్ జరుగుతుండగా వెన్నుపాము సంకేతాలు కనిపెట్టి చూడటానికి, వేరే లెక్క వేశారు. "నడవని కాళ్లకి కాపలా ఎందుకు బావా?" అంటాడు మా బావమరిది. ఏం చేయమంటారు?

ఒంగోలు గిత్త:
థియేటర్ టెక్నీషియన్‌ని. ఆయన మాటలో నిజం లేకపోలేదు. నెత్తిమీద కరెంటు ఇచ్చి, కాలి కండరం స్పందన గీతగా వస్తుందా అని చూస్తారు. డూషెన్‌లో అరిగిపోయేదే కండరం. గీత చిన్నగా వస్తుంది, కొందరికి అసలు రాదు. వచ్చిన గీత ఊరికే పడిపోతే పని ఆపి వెతకాలి. అసలే ఈ పిల్లలకి రక్తం ఎక్కువ పోతుంది, గుండె కూడా బలహీనం.

పెన్న ఒడ్డు:
నేను ఒప్పుకోను తమ్ముడూ. మావాడూ నడవడు. కానీ కాలి మీద దోమ వాలితే "అమ్మా, కొట్టు" అంటాడు. మూత్రం వస్తోందని ముందే చెబుతాడు. వెన్నుపాము దెబ్బతింటే అవీ పోతాయి కదా! జబ్బు కండరానిది, నరానిది కాదు. చీలమండ దగ్గర కరెంటు ఇచ్చి తల దగ్గర పట్టే స్పర్శ సంకేతానికి కండరంతో పనిలేదు. మావాడికి కాళ్ల గీతలు రాలేదు గానీ ఈ సంకేతం వచ్చింది. మధ్యలో తగ్గితే బీపీ పెంచారట, మళ్లీ కోలుకుంది.

ఒంగోలు గిత్త:
సరే అక్కా. కానీ ఆ సంకేతం వెళ్లేది వెన్నుపాము వెనక భాగంలో. అది బాగున్నా ముందు భాగం దెబ్బతినొచ్చు. పూర్తి భరోసా అనుకోవద్దు.

మత్తు డాక్టర్, నెల్లూరు:
మత్తు సంగతి ఇద్దరూ వదిలేశారు. డూషెన్‌లో కండరాలు సడలించే సక్సినైల్‌కోలిన్ అనే మందు ఇవ్వకూడదు. కండరం చితికి, పొటాషియం ఒక్కసారిగా పెరిగి గుండె ఆగొచ్చు. పీల్చే మత్తు గ్యాసులూ తప్పిస్తాం, సెలైన్ దారిన ప్రొపొఫాల్ అనే మత్తుమందు ఇస్తాం. మానిటరింగ్‌కీ కావలసింది ఇదే, గ్యాసు సంకేతాన్ని అణిచేస్తుంది కాబట్టి. దానికోసం ప్రత్యేకంగా మత్తు మార్చక్కర్లేదు. ఇక మధ్యలో లేపి "కాళ్లు కదుపు" అనే పాత పరీక్ష 1973 నాటిది. కదలని కాళ్లని ఏం కదపమంటాం? అందుకే ఈ పిల్లలకి మానిటరింగ్ మరింత అవసరమని నా అభిప్రాయం. స్క్రూలు వేయకముందే గీతలు తీసి, వచ్చినవాటినే చివరిదాకా చూడమనండి. కాళ్లవి రాకపోతే వాటికోసం టైం తినొద్దనండి. పళ్ల మధ్య గుడ్డ పెట్టారో లేదో కూడా అడగండి, ఆ కరెంటుకి నాలుక కొరుక్కుంటారు.

కావలి నాన్న:
దోమ మాట బావమరిదికి చదివి వినిపించాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "గుండె ఎకో రిపోర్టు తీసుకున్నావా, రేపు రైలుకి నేనూ వస్తా" అన్నాడు.