చర్చ: ఐటీఐ అయ్యాక ఎస్‌టీపీలో (మురుగునీటి శుద్ధి ప్లాంటులో) అప్రెంటిస్‌గా చేరితే లాభమేనా?

అంబర్‌పేట_అన్న
మా తమ్ముడు ఐటీఐ ఫిట్టర్ పాసయ్యాడు. శివార్లలో మురుగునీటి ప్లాంటు నడిపే ఒక కాంట్రాక్టు సంస్థ అప్రెంటిస్‌గా రమ్మంటోంది. ఏడాదిపాటు, నెలకు 7,000. ఆ తర్వాత అక్కడే ఉంచుకుంటారా? ముందుముందు హైదరాబాద్ జలమండలిలో ఏమైనా పనికొస్తుందా? నైట్ షిఫ్ట్ ఉంటే రూమ్ ఇస్తారా? ఇదంతా ఎందుకని హైటెక్స్ దగ్గర న్యాక్‌లో (నిర్మాణ పనులు నేర్పే సంస్థ) ప్లంబింగ్ కోర్సులో చేర్పించమని మా మామ పోరు పెడుతున్నాడు. చేసినవాళ్లు చెప్పండి.

ఐటీఐ_మాస్టారు
7,000 అంటే వాళ్లేదో దయతలచి ఇస్తున్నారనుకోకు. 2019లో నిబంధనలు సవరించినప్పుడు ఐటీఐ వాళ్లకు కనీసం 7,000, డిప్లొమాకు 8,000, డిగ్రీకి 9,000 అని పెట్టారు. న్యాప్స్ అనే కేంద్ర అప్రెంటిస్‌షిప్ పథకం కింద అందులో పావు వంతు, గరిష్ఠంగా 1,500 వరకు కేంద్రమే భరిస్తుంది. ముందు అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో ఒప్పందం రిజిస్టరైందో లేదో చూడు. తెల్లకాగితం మీద సంతకం పెట్టించుకుని ‘ట్రైనీ’ అని పిలిచేవాడి దగ్గర పదేళ్లు చేసినా అది అప్రెంటిస్‌షిప్ కింద లెక్కకు రాదు. అలా మోసపోయినవాళ్లు వచ్చి నా ముందు కూర్చుంటే అప్పుడు నేను చేసేదేముంది?

మూసీగట్టు
నేను చేశాను. ఎక్కడని అడగొద్దు. నాతో చేయించింది స్క్రీన్ చాంబర్‌లో ఇరుక్కున్న ప్లాస్టిక్ కవర్లు లాగడం, సార్లకు టీ తేవడం. ప్యానెల్ బోర్డు దగ్గరికి వెళ్తే కసిరేవాళ్లు. మురుగు ట్యాంకుల్లోకి గాలి కొట్టే బ్లోయర్ బేరింగ్ మారుస్తుంటే పక్కన నిలబడనిచ్చింది బిహార్ నుంచి వచ్చిన మెకానిక్ భయ్యా ఒక్కడే. ఒకసారి క్లోరిన్ టోనర్ (పెద్ద సిలిండర్) వాల్వు దగ్గర లీకైతే సూపర్‌వైజర్ హోస్ పైపు నా చేతికిచ్చి దాని మీద నీళ్లు కొట్టమన్నాడు! కళ్లు మండి అందరం పరుగే పరుగు. ఇదీ మన స్కిల్ డెవలప్‌మెంట్.

రిటైర్డ్_ఏఈ
లీకవుతున్న టోనర్ మీద నీళ్లా? వాడికి సూపర్‌వైజర్ ఉద్యోగం ఎవడిచ్చాడయ్యా! తడి తగిలితే క్లోరిన్ యాసిడ్‌గా మారి ఆ లోహాన్నే తినేస్తుంది. చిన్న లీకు పెద్దదవుతుంది. కోదండాపురంలో కృష్ణా నీళ్లు శుద్ధి చేసే చోట, 900 కిలోల టోనర్ల మధ్య పనిచేసినవాణ్ని నేను. ద్రవం కారుతుంటే టోనర్‌ను దొర్లించి లీకు పైకి వచ్చేలా తిప్పాలి. అప్పుడు ద్రవం ఆగి గ్యాస్ మాత్రమే వస్తుంది. ఒక లీటరు ద్రవం బయటపడితే సుమారు 450 లీటర్ల గ్యాస్, గుర్తుపెట్టుకోండి. లీకు ఎక్కడో తెలియాలంటే అమ్మోనియాలో ముంచిన గుడ్డ కర్రకు కట్టి దగ్గర పెడితే తెల్ల పొగ లేస్తుంది. మా రోజుల్లో ఇది తెలియనివాడిని క్లోరిన్ రూమ్ గడప తొక్కనిచ్చేవాళ్లం కాదు.

పటాన్‌చెరు_సేఫ్టీ
సార్, నీళ్లు అసలు వాడకూడదన్నట్టు రాశారు. గ్యాస్ జనం వైపు పోకుండా ఫ్యాక్టరీల్లో వాటర్ కర్టెన్, అంటే నీటి జల్లుతో అడ్డుతెర వేస్తారు. నేనే డ్రిల్‌లో వేయించాను.

రిటైర్డ్_ఏఈ
కర్టెన్ వేసేది గాలిలో ఉన్న గ్యాస్‌కు. అది వేరు, టోనర్ నెత్తిన పోయడం వేరు.

పటాన్‌చెరు_సేఫ్టీ
నేనూ అదే అంటున్నా.

రిటైర్డ్_ఏఈ
అలాగైతే నన్ను సరిదిద్దడం దేనికి? నేను రాసింది మళ్లీ చదువు.

పటాన్‌చెరు_సేఫ్టీ
చదివాను సార్. ‘మా రోజుల్లో’ అన్న మాట ఒక్కటే పెద్దక్షరాల్లో కనిపించింది. మీ రోజుల్లో సెల్ఫ్ కంటెయిన్డ్ బ్రీతింగ్ సెట్లు (సొంత గాలి సిలిండర్ ఉన్న మాస్కులు) ఎన్ని ఉండేవి? ఆ మాస్కు లేకుండా టోనర్ దొర్లించమని కుర్రాళ్లకు చెప్పడం ఇంకా ప్రమాదం.

రిటైర్డ్_ఏఈ
మాస్కు లేకుండా దొర్లించమని ఎక్కడ రాశాను? నీ సర్టిఫికెట్ ఏ సంస్థది?

గోల్నాక_కుర్రోడు
అంత గొడవెందుకు అన్నా, గ్యాస్ వస్తే నేల మీద పడుకుంటే సరిపోదా? స్కూల్లో అలాగే చెప్పారు.

ల్యాబ్_అక్క
తమ్ముడూ, స్కూల్లో చెప్పింది నిప్పంటుకున్నప్పటి పొగ గురించి. క్లోరిన్ గాలికంటే రెండున్నర రెట్లు బరువు, నేల మీదే పరుచుకుంటుంది. పడుకున్నావంటే అంతే సంగతులు. ఎత్తుకు ఎక్కాలి, గాలి ఎటునుంచి వస్తోందో అటు నడవాలి. సార్లిద్దరూ దెబ్బలాడుకుంటూ అసలు ఈ ముక్క చెప్పడం మరిచారు.

నా సంగతి చెప్తా. కెమిస్ట్రీ డిగ్రీతో మంచినీళ్ల ప్లాంటు ల్యాబ్‌లో అప్రెంటిస్‌గా చేశాను. నాకు దొరికిన కెమిస్ట్ మేడమ్ బంగారం. జార్ టెస్ట్ నా చేతనే చేయించేవారు. ఆరు బీకర్లలో ఆరు డోసుల పటిక, ముందు వేగంగా కలిపి, తర్వాత నెమ్మదిగా తిప్పి, ఏ బీకరులో మడ్డి బాగా కూర్చుందో చూడటం. వానాకాలంలో పొద్దున పనికొచ్చిన డోసు సాయంత్రానికి పనికిరాదు. అది చూసుకోకుండా రాత్రి షిఫ్ట్ ఆపరేటర్ పాత డోసే వేస్తే తెల్లారేసరికి ఫిల్టర్ బెడ్లు బిగుసుకుపోయేవి. ఆ పని వచ్చినందుకే నాకు ఇప్పుడున్న ఉద్యోగం వచ్చింది. ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ తీసి చూడనే లేదు. టర్బిడిటీ (నీటి మసక) 1 ఎన్‌టీయూ దాటితే ఏం చేస్తావని అడిగారు. ఎన్‌టీయూ అంటే ఆ మసకను కొలిచే యూనిట్.

నల్లా_బాధితుడు
టర్బిడిటీ అంటున్నారు కాబట్టి అడుగుతున్నా. మా గల్లీలో మూడు రోజులకొకసారి వదిలే నీళ్లు మొదటి పది నిమిషాలు టీ రంగులో వస్తాయి. ఎవరికి చెప్పాలి?

ఐటీఐ_మాస్టారు
జలమండలి నంబరు 155313కి ఫోన్ చేయండి. వేరే చర్చ పెట్టుకోండి.

డ్రైనేజీ_బాబు
అందరూ క్లోరిన్ దగ్గరే ఆగిపోయారు. ఎస్‌టీపీ అప్రెంటిస్‌ను అసలు చంపేది మ్యాన్‌హోల్, వెట్ వెల్ (పంపుల దగ్గర మురుగు చేరే బావి). అక్కడ పుట్టే విషవాయువు హైడ్రోజన్ సల్ఫైడ్ కొంచెం ఉంటే కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది. మోతాదు పెరిగితే ముక్కే మొద్దుబారుతుంది, వాసన పోయింది కదా అని మనిషి దిగుతాడు. మా అన్న వరసయ్యేవాణ్ని ఒక కాంట్రాక్టర్ ఇలాగే ‘జర చూసిరా’ అని దింపాడు. మాస్కు లేదు, తాడు లేదు. బతికాడు గానీ ఇప్పటికీ మెట్లెక్కితే ఆయాసం. 2013 చట్టం ప్రకారం రక్షణ లేకుండా మురుగు కాలువలోకి మనిషిని దింపడమే నేరం. 2023లో సుప్రీంకోర్టు చనిపోయినవాళ్ల కుటుంబానికి పరిహారం 30 లక్షలకు పెంచింది. మీ తమ్ముడికి మొదటి రోజే చెప్పండి. గ్యాస్ డిటెక్టర్ చూపించకుండా దిగమంటే దిగొద్దు. ఉద్యోగం పోతే పోనీ.

అంబర్‌పేట_అన్న
ఇవన్నీ చదివి మా అమ్మకు టెన్షన్ పట్టుకుంది. అప్రెంటిస్‌కు దెబ్బ తగిలితే ఎవరు చూస్తారు?

ఐటీఐ_మాస్టారు
1961 అప్రెంటిస్‌ల చట్టం 18వ సెక్షన్ ప్రకారం అప్రెంటిస్ కార్మికుడు కాదు, శిక్షణ పొందేవాడు. పీఎఫ్, బోనస్ అడగడానికి లేదు. కానీ పనిలో దెబ్బ తగిలితే 16వ సెక్షన్ కింద యజమానే పరిహారం ఇవ్వాలి. ఓవర్‌టైమ్ కూడా అప్రెంటిస్‌షిప్ అడ్వైజర్ అనుమతి లేకుండా చేయించకూడదు. ఉద్యోగం సంగతి: ఏడాది అయ్యాక ఇచ్చి తీరాలని లేదు. అయితే శిక్షణ తర్వాత అక్కడే పనిచేయాలనే షరతు ఒప్పందంలో ఉంటే, తగిన ఉద్యోగం చూపించే బాధ్యత వాళ్ల మీద పడుతుంది. సంతకం పెట్టేముందు ఆ వాక్యం ఉందా లేదా వెతకండి.

దుబాయ్_రిటర్న్
మీ మామ చెప్పిందే కరెక్ట్. ప్లంబింగ్ నేర్పించి గల్ఫ్ పంపండి. ఇక్కడ 7,000కు మురుగు వాసన చూస్తూ కూర్చుంటాడా?

మూసీగట్టు
నువ్వు రిటర్న్ ఎందుకయ్యావు అన్నా?

దుబాయ్_రిటర్న్
అది నీకనవసరం.

ల్యాబ్_అక్క
ఫిట్టర్ చదివినవాణ్ని మళ్లీ మొదటి నుంచి ప్లంబింగ్‌లో కూర్చోబెట్టడం నాకైతే నచ్చలేదు. పంపు అలైన్‌మెంట్, గ్లాండ్ ప్యాకింగ్, ఎయిర్ వాల్వు విప్పి బిగించడం వస్తే ఫిట్టర్‌కు నీళ్ల ప్లాంట్లలో పని దొరుకుతుంది. చేరేముందు ఒక పూట వెళ్లి చూసి రమ్మనండి. ఎస్‌టీపీలో వెయ్యి ఎంఎల్ జాడీలో బురద అరగంట కూర్చోబెట్టే పరీక్ష ఎవరు చేస్తారని అడగమనండి. లాగ్‌బుక్‌లో వారం మొత్తం ఒకే అంకె ఉంటే అక్కడ ఎవరూ ఏమీ చేయట్లేదని అర్థం. అలాంటి చోట నేర్చుకునేది సున్నా.

పటాన్‌చెరు_సేఫ్టీ
ఈ ఒక్క మాటకు చేతులెత్తి దండం. పనిలో పనిగా క్లోరిన్ రూమ్ తలుపు మీద మాస్కు వేలాడుతోందా, బీరువాలో తాళం వేసుందా అదీ చూడమనండి.

రిటైర్డ్_ఏఈ
మాస్కు తలుపుకు బయట ఉండాలి. లోపల కాదు. ఇదైనా ఒప్పుకుంటావా?

పటాన్‌చెరు_సేఫ్టీ
ఒప్పుకున్నా సార్.

కొండాపూర్_కమిటీ
అందరికీ నమస్కారం. మా గేటెడ్ కమ్యూనిటీ ఎస్‌టీపీకి ఆపరేటర్ కావాలి. అనుభవం తప్పనిసరి. పంపులు, బ్లోయర్లు, ల్యాబ్ టెస్టులు, తోటకు నీళ్లు వదలడం, ఖాళీ సమయంలో లిఫ్టులు చూసుకోవడం. రోజుకు 12 గంటలు. జీతం 11,000.

మూసీగట్టు
సార్, టీ కూడా తేవాలా?

కొండాపూర్_కమిటీ
వెటకారం వద్దు. పాత ఆపరేటర్ చెప్పకుండా మానేశాడు, క్లబ్‌హౌస్ దాకా వాసన కొడుతోంది.

ల్యాబ్_అక్క
బ్లోయర్ ఆపేసి ఎన్నాళ్లయింది?

కొండాపూర్_కమిటీ
కరెంటు బిల్లు ఎక్కువ వస్తోందని రాత్రిపూట ఆపమన్నాం. దానికీ దీనికీ సంబంధం ఉందా?