గాడులు అరగని పాత టైరును మార్చాలా?

ప్రశ్న: నా మోటారుసైకిల్ వెనుక టైరుపై 2318 అనే అంకెలు ఉన్నాయి. బండి ఎక్కువగా తిరగకపోవడం వల్ల గాడులు ఇంకా లోతుగానే ఉన్నాయి కానీ, టైరు పక్కల వెంట్రుకంత సన్నని పగుళ్లు కనిపిస్తున్నాయి. మార్చవలసిందేనా?

మొదటి జవాబు: ఆ టైరు 2018వ సంవత్సరం 23వ వారంలో తయారైంది. ఎండకూ, గాలిలోని ఓజోనుకూ రబ్బరు క్రమంగా గట్టిపడి పట్టు కోల్పోతుంది కనుక, గాడుల లోతు ఒక్కటే చూసి నిశ్చింతగా ఉండడం ప్రమాదకరం. ఐదేళ్లు దాటిన టైరును ఏటా నిపుణుడికి చూపించాలి. పగుళ్లు వచ్చాయి కాబట్టి, నా అభిప్రాయంలో, మార్చడమే మంచిది.

రెండవ జవాబు: బొటనవేలి గోరుతో నొక్కి చూడండి. ముదిరిన రబ్బరు చెక్కలా ఉంటుంది. నేను ఇలాగే వాయిదా వేస్తూ వచ్చాను. ఒకనాడు వానలో, మలుపు దగ్గర, ముందు చక్రం పక్కకు జారింది.

ప్రశ్న అడిగినవారు: గోరు దిగలేదు. మార్పిస్తున్నాను, ముందు టైరు అంకెలు కూడా చూస్తాను.