చెరువు కట్ట అడుగున ఊట ఎర్రగా వస్తోంది, ఏం చేయాలి?

మాది ఖమ్మం వైపు పల్లె. చెరువు అలుగు పోస్తోంది. తూము పక్కన కట్ట అడుగున ఊట ఏటా ఉండేదే, కానీ తేటగా వచ్చేది. మొన్నటి ముసురు తర్వాత ఎర్రగా వస్తోంది, నోటి దగ్గర సన్న ఇసుక పేరుకుంటోంది. కట్ట లోపలి మన్ను కొట్టుకుపోతున్నట్టే కదా? 2024 జులైలో అశ్వారావుపేట దగ్గర పెదవాగు కట్టకు గండి పడ్డాక ఇక్కడ అందరికీ టెన్షనే. ఆఫీసులో చెబితే "చూస్తాం" అన్నారు (ఎప్పుడో మరి).

బంకమట్టి కొట్టి మూసేద్దామని కొందరంటున్నారు. మూస్తే ఇంకోచోట పొడుచుకొస్తుందని నా భయం. ఊట మీద ఇసుక, ఆపైన కంకర పోస్తే మన్ను ఆగి నీళ్లు మాత్రమే వస్తాయంటారు, నిజమేనా? తూము ఎత్తి మట్టం తగ్గించాలంటే రోజుకి ఎంత దించొచ్చు? ఒక్కసారిగా దించితే లోపలి వాలు జారుతుందా? కట్ట పనులు చేసినవాళ్లు కాస్త చెప్పండి.