ముక్కుపూరేడు: పూరేడు కాని పిట్టకు ఆ పేరెందుకు?

బురదనేలల్లో తిరిగే పొడవాటి ముక్కు పిట్ట స్నైప్‌కు తెలుగు మాట ఏమిటని అడిగితే నిన్న ఒకరు "ముక్కుపూరేడు" అన్నారు. వెంటనే ఇంకొకరు, "అది పూరేడు జాతే కాదు, పేరు తప్పు" అని కొట్టిపారేశారు. నేను ఒప్పుకోను. పేరు పెట్టినవాళ్లు చూసింది జాతిని కాదు, పిట్ట తీరును. గోధుమరంగు చారల ఒంటితో గడ్డిలో నక్కి, మనం దాదాపు తొక్కేదాకా కదలదు. అచ్చం పూరేడు పద్ధతే. తేడా అంతా ముక్కులోనే! పాతిక సెంటీమీటర్ల పిట్టకు ఆరేడు సెంటీమీటర్ల ముక్కు.

ఆ ముక్కును బురదలో మొదలంటా దించుతుంది. బయటికి తీయకుండానే కొస ఒక్కటే తెరిచి పురుగును అందుకుంటుంది. కొసలో స్పర్శ తెలిసే నరాలు ఒత్తుగా ఉంటాయి, అందుకని కళ్లతో వెతికే పని లేదు. ఆ కళ్లేమో తలకు బాగా వెనగ్గా ఉండి, తిండి మీద ఉన్నప్పుడు కూడా వెనకనుంచి వచ్చేవాటిని కాస్తుంటాయి.

ఇదే పిట్టను ఫిన్నిష్‌లో "ఆకాశపు మేక" అంటారు. జర్మన్‌లో ఉన్న హిమ్మెల్స్‌త్సీగె అన్న పేరుకూ అదే అర్థం. ఉత్తరాన జతకట్టే రోజుల్లో మగపిట్ట పైకెగిరి, తోక అంచు ఈకలు రెండు పక్కలా చాపి, ఏటవాలుగా కిందికి దూకుతుంది. గాలి తగిలి ఆ ఈకలు వణికితే మేక అరిచినట్టే ఉంటుంది. గొంతుతో పనే లేదు! మన దగ్గరికి చలికాలంలో తిండి కోసం వచ్చే పిట్ట ఆ విన్యాసం చేయదు. వాళ్లు విన్నదాన్ని బట్టి పిలిచారు, మనం చూసినదాన్ని బట్టి పిలిచాం. (ఫ్రెంచి పేరు బెకసీన్‌లో కూడా ముక్కే ఉంది, బెక్ అంటే ముక్కు. కాబట్టి నా సూత్రం అన్ని చోట్లా పనిచేయదు.)

చాటునుంచి గురిచూసి కాల్చేవాణ్ణి స్నైపర్ అంటారు కదా, ఒకరు "ఆ మాట దీన్నుంచే వచ్చిందా?" అని అడిగారు. అవునండీ. ఈ పిట్ట లేచిందంటే ఒక్క కేక పెట్టి వంకరటింకరగా దూసుకుపోతుంది. దాన్ని కొట్టాలంటే గురి బాగా కుదరాలి. 18వ శతాబ్దంలో భారతదేశంలో ఉన్న బ్రిటిష్ సైనికాధికారులు ఈ వేటనే స్నైపింగ్ అనేవారు. మనుషుల మీద గురిపెట్టే అర్థం తర్వాత వచ్చింది.

రాతలో మాత్రం "ముక్కు పూరేడు" అని విడదీయకండి. విడదీస్తే పూరేడు ముక్కు గురించి చెబుతున్నట్టు అనిపిస్తుంది. కలిపి రాస్తే ఒక పిట్ట పేరని ఇట్టే తెలుస్తుంది.