ఆర్కిటెక్చర్ మొదటి స్టూడియోలో (డిజైన్ తరగతిలో) విశ్లేషణ ముందా, డిజైన్ ముందా?

నిలువుకోత:
ఆర్కిటెక్చర్‌లో చేరీ చేరగానే విద్యార్థికి పేరున్న కట్టడం ఒకటిచ్చి వారాల తరబడి విశ్లేషించమనడం నా లెక్కలో తలకిందుల వ్యవహారం. చేత్తో ఒక్క గోడ నిలబెట్టి చూడనివారికి ఆ గోడ అక్కడెందుకుందో ఎలా అందుతుంది? చివరికి గోడకు అంటించేది ఫొటోలు, ఆర్కిటెక్టు జీవిత చరిత్ర, ఎర్ర బాణాలు. అంతకన్నా అమెరికన్ ఆర్కిటెక్టు, అధ్యాపకుడు జాన్ హేడుక్ బోధనతో పేరొచ్చిన తొమ్మిది గళ్ల మోడల్ అభ్యాసం నయం: 3×3 గళ్లు, 16 స్తంభాలు, దూలాలు, గోడలకు కొన్ని పలకలు. 1:50 స్కేలులో గడి 60 మి.మీ., అంటే అసలులో 3 మీటర్లు. నడిమి గడి, అంచు గడి, మూల గడి ఒకటి కావని పలక పెట్టి తీస్తుంటేనే తెలిసిపోతుంది.

ట్రేసింగ్‌కాగితం:
బాణాల జబ్బు ఉన్నమాట నిజమే. అయితే తప్పు విశ్లేషణది కాదు, ప్రశ్నది. లె కొర్బూసియే డిజైన్ చేసిన ఇల్లు విల్లా సవోయ్‌నే తీసుకోండి. "విల్లా సవోయ్‌ని విశ్లేషించండి" అంటే బాణాలే వస్తాయి. అదే కింది అంతస్తు ప్లాను మీద ట్రేసింగ్ పేపర్ పరిచి స్తంభాలు మాత్రమే ఎక్కించమనండి. వాటిని కలుపుతూ సమాన గ్రిడ్ గీయమని, ఎక్కడ కుదరలేదో చూపమనండి. నడుమ ర్యాంపు దగ్గర కుదరదు. ర్యాంపుకు అడ్డొచ్చే స్తంభాలు జంటలై అటూ ఇటూ జరిగాయి. ఇంకో కాగితం మీద నడిచే దారి గీసి మొదటిదానిపై పెడితే కారణం కళ్లముందుంటుంది. లె కొర్బూసియే 1927 నాటి ఐదు సూత్రాలు (ఇంటిని స్తంభాలపై నిలపడం, ప్లానును గోడల బరువు నుంచి విడిపించడం వంటివి) బట్టీ పట్టినవారు ఎక్కడా తేడా లేని సమాన గ్రిడ్ గీసేసి ఊరుకుంటారు. కొలిచినవారికే ఈ సర్దుబాటు దొరుకుతుంది.

పొరలు మూడు చాలు: నిర్మాణం, నడక, వెలుగు. ఒక్కో బొమ్మ కింద ఒక్క వాక్యం, అదీ ప్లానులో సరిచూసుకోగలిగేది. "స్థలం ప్రవహిస్తోంది" లాంటివి కొట్టేయాలి.

నిలువుకోత:
బాగుంది. కానీ దాన్ని సర్దుబాటుగా గుర్తుపట్టాలంటే ముందు తామూ ఒకసారి ఇరుక్కుని ఉండాలి కదా!

మెట్టుకొలత:
ఇరికించడం తేలికేనండి. తొమ్మిది గళ్లకు పై అంతస్తు అడగండి, మెట్లు ఒకే గడిలో పట్టాలనండి. అంతస్తు ఎత్తు 3 మీ., మెట్టు ఎత్తు 150 మి.మీ. అయితే 20 ఎత్తులు. మధ్యలో వెనక్కి తిప్పితే ఒక్కో వరసకు 10 ఎత్తులు, 9 మెట్లు (పదో ఎత్తు ఎక్కితే వచ్చేది మెట్టు కాదు, ల్యాండింగో అంతస్తో). మెట్టు మీద అడుగు పెట్టే మేర 300 మి.మీ. చొప్పున 2.7 మీ. పోగా మలుపు దగ్గరి ల్యాండింగుకు మిగిలేది 300 మి.మీ.! 250కి కుదిస్తే 750 మిగులుతుంది, అదీ ఇరుకే, పైగా దిగువ చివర నిలబడే చోటు ఇంకా లెక్కలోకి రాలేదు. గడి దాటాలి, లేదా స్తంభం జరపాలి. సరిగ్గా అప్పుడు సవోయ్ ప్లాను చేతిలో పెట్టండి.

ట్రేసింగ్‌కాగితం:
ఈ వరస నాకు సమ్మతమే, తొమ్మిది గళ్లు వారం దాటకపోతే. అందులో నేలవాలు లేదు, ఎండ దిక్కు లేదు, వాన లేదు. ఎక్కువ రోజులు అందులోనే ఉంచితే భవనమంటే గ్రిడ్డే అనుకుంటారు.

నిలువుకోత:
వారం చాలదండీ. మొదటి మోడల్ ఎలాగూ పాడవుతుంది. మూలలో ఒక పలకలోంచి అట్ట మందం తగ్గించి కోయడం మరిచిపోతారు. 2 మి.మీ. అట్టయితే 1:50లో అది 100 మి.మీ. తేడా, మూల మూలకూ పెరుగుతూ పోయి చివరి పలక దూలాల మధ్య దూరనే దూరదు. రెండో మోడల్‌తో కలిపి కనీసం రెండు వారాలు.