ఆక్సెల్ రోజ్‌ను దించింది కాలమా, గొంతా, ఆయన తీరా?

పాత క్యాసెట్టు:
గన్స్ ఎన్ రోజెస్ గాయకుడు ఆక్సెల్ రోజ్ ప్రస్తావన ఎక్కడ వచ్చినా ఒకే కథ వినిపిస్తుంది. 1991 సెప్టెంబరు 17న 'యూజ్ యువర్ ఇల్యూజన్' రెండు భాగాలూ విడుదలయ్యాయి, సరిగ్గా వారం తిరిగేసరికి నిర్వాణ బృందం 'నెవర్‌మైండ్' వచ్చింది, దానితో హార్డ్ రాక్ యుగమూ ఆయన వైభవమూ ఒకేసారి ముగిశాయని అంటారు. ఈ కథ నాకు మింగుడు పడదు. ఆ రెండు ఆల్బములూ అమెరికా అమ్మకాల పట్టికలో మొదటి రెండు స్థానాల్లోకి నేరుగా ప్రవేశించాయి. 1991 జనవరిలో మొదలైన పర్యటన 1993 జూలై దాకా దేశదేశాల స్టేడియముల్లో సాగింది. కాలం తోసేసిన వాడికి స్టేడియములు నిండవు. ఆయన పతనానికి ఆయన తీరే కారణమని నా అభిప్రాయం. కాదనేవారు కారణాలు చూపగలరని మనవి.

మంద్రస్థాయి:
క్యాసెట్టు గారూ, మీ తేదీలతో నాకు పేచీ లేదు, వాటి నుంచి మీరు తీసిన అర్థంతోనే ఉంది. 1987లో వచ్చిన వారి తొలి ఆల్బం 'అపెటైట్ ఫర్ డిస్ట్రక్షన్' పట్టికలో మొదటి స్థానానికి చేరడానికి ఏడాది పట్టింది. లాస్ ఏంజెలెస్ బృందాలు జుట్టుకూ ముఖానికీ మెరుగులు దిద్దుకుని ప్రేమగీతాలు పాడుతున్న రోజుల్లో, ఇండియానా రాష్ట్రంలోని లఫయెట్ అనే చిన్న ఊరి నుంచి వచ్చిన ఈ కుర్రవాడు ఆ నగరపు మురికిని మురికిగానే పాడాడు కనుకనే జనం విన్నారు. నాలుగేళ్లు గడిచేసరికి అదే బృందం వేదిక మీదికి బాకాలు ఊదేవారు, వంత పాడే స్త్రీలు వచ్చి చేరారు. 'నవంబర్ రెయిన్' పియానోతో, వాద్యబృందపు హంగుతో తొమ్మిది నిమిషాల దాకా సాగింది. ఆ పాట నాకు ఇష్టమే, అది వేరే సంగతి. ఎవరికి ఎదురు నిలిచి పైకి వచ్చాడో తానే వారిలా మారిన తరువాత, ఆయన ఖాళీ చేసిన చోటు చిరుగుల చొక్కా వేసుకున్న నిర్వాణ లాంటి మరొకరికి దక్కడం సహజం. దీనిని కాలం అనక ఏమంటాం?

పాత క్యాసెట్టు:
దానిని కూడా ఆయన ఎంపిక అనే అంటాను. బాకాలను వేదిక ఎక్కించింది కాలం కాదు కదా. ఆ హంగుతో పొసగకే, ఆలస్యాలతో విసిగే, ఆ పాటల్లో చాలావాటికి పునాది వేసిన గిటారిస్టు ఇజ్జీ స్ట్రాడ్లిన్ 1991లోనే వెళ్లిపోయాడు. ఆయన తీరు అంటే ఏమిటో తెలియాలంటే 1992 ఆగస్టు 8న మాంట్రియల్‌లోని ఒలింపిక్ స్టేడియంలో ఏం జరిగిందో చూడండి. ముందుగా వాయిస్తున్న మెటాలికా బృందపు జేమ్స్ హెట్‌ఫీల్డ్ వేదిక మీది బాణసంచా మంటలో పడి చేయి కాల్చుకున్నాడు, వారి కచేరీ సగంలో ఆగింది. ఆ రాత్రిని నిలబెట్టగల మనిషి ఒక్క ఆక్సెల్ రోజే. జనం చాలాసేపు ఎదురు చూశాక వచ్చి, కొన్ని పాటలు పాడి, గొంతు సహకరించడం లేదని వెళ్లిపోయాడు. తరువాత అక్కడ అల్లర్లు చెలరేగాయి. అంతకు ముందు ఏడాది సెయింట్ లూయిస్ దగ్గర కెమెరా పట్టుకున్న ఒక ప్రేక్షకుడి మీదికి వేదిక నుంచి దూకి, ఆ పైన కచేరీ వదిలేసి వెళ్లినప్పుడూ జరిగింది ఇదే.

శ్రుతిపెట్టె:
మీరిద్దరూ గొంతును వదిలేసి గాయకుడి గురించి వాదించుకుంటున్నారు. నాకు కాస్త కర్ణాటక సంగీతం అలవాటు ఉంది కనుక ఆ దారిలో చెబుతాను.

ఆయనకు ఉన్నది ఒక గొంతు కాదు, రెండు. 'ఇట్స్ సో ఈజీ'లో వినిపించే బరువైన మంద్రం ఆయన సహజ స్వరం, జనం ఆయనదిగా గుర్తుపట్టే తారస్థాయి జీరగొంతు తయారు చేసుకున్నది. 'స్వీట్ చైల్డ్ ఓ మైన్' చివరి భాగంలో ఈ రెండూ ఒకదాని పక్కన ఒకటి దొరుకుతాయి. ఒకే ప్రశ్నను మొదట నేలబారు స్వరంలో గొణుక్కుంటున్నట్లు మొదలుపెట్టి, మెట్టు మెట్టుగా పెంచి, చివరకు స్థాయి దాటించి కేకగా మారుస్తాడు. 1988లో న్యూయార్క్‌లోని రిట్జ్‌లో చేసిన కచేరీ రికార్డింగులో ఆ మలుపు విని, 2023లో బ్రిటన్‌లోని గ్లాస్టన్‌బరీ సంగీతోత్సవ ప్రసారంలో అదే చోటు వినండి. స్వరస్థానం చాలావరకు అందుతుంది గానీ దానిని నింపే జీర ఉండదు. గాలి ఎక్కువై, నాదం పలచబడి, కీచుగా మిగులుతుంది.

గిటారు తీగలను అర స్వరం దించి వాయించినా ఆ పాటలు ఎవరికైనా గొంతు చించేవే. స్వరతంత్రుల పైనున్న కండరాలను కూడా బిగించి తెప్పించే ఆ గరగరను, రెండున్నర గంటల చొప్పున ముప్పై ఏళ్లకు పైగా మోసిన శరీరం వయసుతో పాటు బిరుసెక్కకుండా ఉండదు. మన వేదికల మీద పెద్ద విద్వాంసులు అరవై దాటాక శ్రుతి తగ్గించుకుని, తారషడ్జం (పై స) దగ్గర ఆగి, మిగిలినది రాగభావంతో గట్టెక్కిస్తే ఎవరూ పతనం అనరు. రాక్ శ్రోత మాత్రం ఇరవై అయిదేళ్ల నాటి కేకనే కోరుతాడు. ఇందులో ఆయన తీరుకు ప్రమేయమేమీ లేదు.

బెంగళూరు బస్సు:
2012 డిసెంబరులో గన్స్ ఎన్ రోజెస్ బెంగళూరు వచ్చినప్పుడు హైదరాబాదు నుంచి రాత్రి బస్సెక్కి వెళ్లిన వారిలో నేనూ ఒకణ్ని. బృందపు పాత గిటారిస్టు స్లాష్ ఒక్కడు ఉండవలసిన చోట ముగ్గురు గిటారిస్టులు నిలబడ్డారు. ఆ ముగ్గురూ గట్టివారే. అయినా మా వరుసలో అందరూ వెతికింది స్లాష్ పెట్టుకునే ఆ నల్లటి టోపీనే. శ్రుతిపెట్టె గారు గొంతు గురించి రాసినది చదివి నేర్చుకున్నాను కానీ, మాకు లోటుగా తోచింది గొంతు కాదు.

మంద్రస్థాయి:
శ్రుతిపెట్టె గారి వాదానికి ఒక చిక్కు ఉంది. 2016లో వినికిడి సమస్యతో గాయకుడు బ్రయాన్ జాన్సన్ తప్పుకుంటే ఏసీ/డీసీ అనే రాక్ బృందానికి ఆక్సెల్ రోజ్ పాడాడు. మే 7న లిస్బన్‌లో, పాదం విరిగి సింహాసనం లాంటి కుర్చీలో కూర్చుని, యాభై నాలుగో ఏట ఆ జీరనంతా బయటికి తెచ్చాడు. మరి బిరుసెక్కిన గొంతు అప్పుడెలా పలికింది?

శ్రుతిపెట్టె:
పలికింది, ఒప్పుకుంటాను. ఆ పాటలు ఎక్కువగా ఒకే ఎత్తున సాగే కేకలు, మంద్రం నుంచి తారకు ఎగబాకే అవసరం వాటిలో తక్కువ. పైగా నేను చెప్పిన పలుచదనం తరువాతి ఏళ్లలోనే బాగా బయటపడింది.

పాత క్యాసెట్టు:
అయితే శ్రుతిపెట్టె గారు నా వైపే వచ్చారు. యాభై నాలుగో ఏట కూడా పలికిన గొంతు ముప్పై, నలభైల మధ్య ఏం చేసిందన్నదే నా ప్రశ్న. 1993 నవంబరులో ఇతరుల పాటలతో ఒక ఆల్బం వచ్చింది, అప్పటికి ఆయనకు 31 ఏళ్లు. ఆ తరువాతి ఆల్బం 'చైనీస్ డెమోక్రసీ' 2008 నవంబరు 23న వచ్చేసరికి 46. ఈ మధ్యలో స్లాష్ 1996లో, బేస్ గిటారు వాయించే డఫ్ మెక్‌కేగన్ 1997లో వెళ్లిపోయారు, బృందం పేరు మీద హక్కు మాత్రం ఆక్సెల్ చేతిలో మిగిలింది. ఒక్క ఆల్బం మీద కోటి ముప్పై లక్షల డాలర్లు ఖర్చయ్యాయని 2005లోనే పత్రికలు రాశాయి. అది 2008 ముగిసేలోగా వస్తే అమెరికాలో దాదాపు అందరికీ ఉచితంగా డబ్బా పానీయం ఇస్తామని ఒక శీతల పానీయాల కంపెనీ పందెం కాసినట్లు ప్రకటించిందంటే, ఆ జాప్యం ఎంత నవ్వులపాలైందో చూడండి. నిర్వాణ 1994లోనే ముగిసింది, గొంతు చెడలేదు, డబ్బుకు లోటు లేదు. 1993 జూలైలో బ్యూనస్ ఏరీస్‌లో స్లాష్, డఫ్‌లతో వేదిక దిగిన మనిషి, మళ్లీ ఆ ఇద్దరి పక్కనా ఒకేసారి నిలబడి పాడింది 2016 ఏప్రిల్ 1న, లాస్ ఏంజెలెస్‌లో వారు మొదట్లో వాయించిన ట్రూబడూర్ అనే చిన్న క్లబ్బులో. ఆ ఇరవై మూడేళ్లను కాలం మీదికో గొంతు మీదికో ఎలా నెట్టగలరో మంద్రస్థాయి గారే చెప్పాలి.